వాన సంవత్సరం, గ్రాంటు సంవత్సరం: అనంతపురంలో నీటి పరిశోధనకు నిధులు

ఉపోద్ఘాతం

ఇంతకు ముందు పాఠాల్లో మీరు జలచక్రం గురించి, భూగర్భ జలాల కొలతల గురించి చదివారు. ఆ కొలతలకు డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించదు. పరికరం బొమ్మ ఉంటుంది, సూత్రం ఉంటుంది. పరికరం కొన్న డబ్బు, పదిహేను రోజులకోసారి ఎండలో వెళ్లి బావి మట్టం చూసి వచ్చిన పరిశోధక విద్యార్థి జీతం మాత్రం కనిపించవు. ఈ వ్యాసంలో వాటి సంగతి తెలుసుకుందాం.

ఇది పరిశోధన చేసేవారికే గదా, డిగ్రీ చదువుతున్న మాకెందుకు అని మీకు అనిపించవచ్చు. మీలో కొందరు బడిలో పాఠాలు చెబుతూ, కొందరు స్వచ్ఛంద సంస్థల్లోనో ప్రభుత్వ శాఖల్లోనో పనిచేస్తూ, కొందరు సేద్యం చేసుకుంటూ ఈ కోర్సు చదువుతున్నారని నాకు తెలుసు. మీ ఊరి బోరులో ఎన్ని నీళ్లున్నాయో చెప్పే లెక్క ఎక్కడ పుడుతుందో, ఎందుకు కొన్నిసార్లు తప్పుతుందో తెలియాలంటే దాని వెనక ఉన్న నిధుల సంగతి కూడా తెలియాలి. మీలో ఒకరిద్దరు రేపు ఆ లెక్క వేసేవారు కూడా కావచ్చు.

మూడు క్యాలెండర్లు

అనంతపురం ప్రాంతం పడమటి కనుమల వానచాటున ఉంది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అరవై శాతం జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాల వల్ల వస్తుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం అక్టోబర్, నవంబర్ నెలల వానలు. సెప్టెంబర్, అక్టోబర్ తప్పిపోతే చెరువులకు ఆ ఏడాది నీళ్లు లేనట్టే. సగటు అన్న మాట కూడా ఇక్కడ మోసం చేస్తుంది. సగటు వాన కచ్చితంగా పడిన సంవత్సరం వెతికితే దొరకడం కష్టం. ఒక ఏడాది తక్కువ, మరో ఏడాది ఎక్కువ. పడినా వరుసగా పడదు. రెండు పెద్ద వానల మధ్య నెలన్నర ఎండ ఉండవచ్చు.

అందుకే మన దేశంలో జలశాస్త్రవేత్తలు సంవత్సరాన్ని జనవరితో మొదలుపెట్టరు. జల సంవత్సరం జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. వానకు ముందు బావుల్లో మట్టం ఎంత, వాన తర్వాత ఎంత అన్న రెండు కొలతలూ ఒకే సంవత్సరంలో పడాలి కాబట్టి ఈ ఏర్పాటు. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. ఇక మూడవది గ్రాంటు సంవత్సరం. అది మంజూరు ఉత్తర్వులో చెప్పిన తేదీ నుంచో, మొదటి విడత డబ్బు చేతికందిన తేదీ నుంచో మొదలవుతుంది. ఆ తేదీ ఏ నెలలోనైనా రావచ్చు.

ఈ మూడూ కలవకపోతే ఏమవుతుందో నా సొంత అనుభవం చెబుతాను. నా మొదటి ప్రాజెక్టు మూడేళ్లది. ఫిబ్రవరిలో మంజూరు కబురు వచ్చింది. జూన్ నాటికి వర్షమాపకాలు పొలాల్లో ఉండాలని మేము ఊళ్లు కూడా చూసిపెట్టుకున్నాం. మొదటి విడత డబ్బు మాత్రం అక్టోబర్ చివరలో వచ్చింది. టెండర్లు పిలిచి పరికరాలు తెప్పించేసరికి సంక్రాంతి. ఆ ఏడు వానంతా కొలవకుండానే వెళ్లిపోయింది. రెండో ఏడు కరువు. నీటిమట్టం పెరగడాన్ని కొలవాలని వెళ్లినవాళ్లం, పెరగకపోవడాన్ని కొలిచి వచ్చాం. మూడో ఏడు వాన బాగా పడింది కానీ, రెండో విడత లెక్కలు సరిచూడటం పూర్తికాలేదని ఫెలోషిప్ తొమ్మిది నెలలు ఆగింది. మా పరిశోధక విద్యార్థి ఇంటికి పెద్దకొడుకు. ఆగస్టులో ఒక గుమాస్తా ఉద్యోగంలో చేరిపోయాడు. అతన్ని తప్పుపట్టే మనసు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నివేదికలో మాత్రం మూడేళ్ల అధ్యయనం అని రాశాం. నిజానికి అందులో ఉన్నది ఒకటిన్నర వానాకాలం.

ఒక్క సంఖ్య ఎంత దూరం పోతుంది

ఒకటిన్నర వానాకాలంతో రాసిన నివేదిక వల్ల ఎవరికి నష్టం? దీనికి జవాబుగా ఒక చిన్న లెక్క వేద్దాం. కాగితం, కలం తీసుకోండి.

అనంతపురం భూభాగంలో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ రాళ్లు. ఈ రాళ్లలో నీరు పైనున్న శిథిలమైన పొరలో, దాని కింద పగుళ్ల పొరలో మాత్రమే నిలుస్తుంది. నీటితో నిండిన రాతి నుంచి నీరు కిందికి దిగిపోయేటప్పుడు, ఆ రాతి ఘనపరిమాణంలో ఎంత శాతం నీరు మనకు దొరుకుతుందో దాన్ని విశిష్ట దిగుబడి అంటారు. 1997 నాటి జాతీయ అంచనా పద్ధతిలో, బంకమట్టి తక్కువగా ఉన్న శిథిల గ్రానైటుకు 3 శాతం, బంకమట్టి ఎక్కువగా ఉంటే 1.5 శాతం తీసుకోమని సూచించారు.

ఇప్పుడు 1,000 హెక్టార్ల గ్రామం ఒకటి అనుకోండి. వానాకాలంలో బావుల మట్టం 4 మీటర్లు పెరిగింది. విశిష్ట దిగుబడి 3 శాతం అనుకుంటే భూమిలోకి చేరిన నీరు 120 మిల్లీమీటర్లు. 1.5 శాతం అనుకుంటే 60 మిల్లీమీటర్లే. తేడా 60 మిల్లీమీటర్లు. అంటే హెక్టారుకు 600 ఘనపు మీటర్లు, గ్రామం మొత్తానికి 6 లక్షల ఘనపు మీటర్లు. రబీ వరికి హెక్టారుకు 12,000 ఘనపు మీటర్ల నీరు కావాలనుకుంటే, ఈ తేడా 50 హెక్టార్ల వరికి సరిపడేంత. దాదాపు 125 ఎకరాలు. తప్పు సంఖ్య వేస్తే భూమిలో లేని నీటి మీద 125 ఎకరాలు నాటినట్టు అవుతుంది. పైరు పొట్టకు వచ్చే వేళ బోరు ఆగిపోతుంది. రైతు అప్పు తెచ్చి ఇంకో బోరు వేస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటి జాడ చెప్పేవారి దగ్గరకు వెళ్లే రైతును చూసి మనం నవ్వుతాం కానీ, అతనికి అంతకంటే నమ్మదగిన సంఖ్య మనం ఇచ్చామా అన్నది ఆలోచించండి.

ఆ సంఖ్యను సరిగా కనుక్కోవడం సాధ్యమే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో 1999లో భారత్–ఫ్రెంచి భూగర్భ జల పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఆ కేంద్రం వారు హైదరాబాద్ దగ్గరి మహేశ్వరంలో సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని క్షేత్ర ప్రయోగశాలగా తీసుకున్నారు. అదీ గ్రానైటు నేలే. వేసవిలో బోర్లు తోడటం వల్ల మట్టం ఎంత దిగింది, వానాకాలంలో ఎంత ఎక్కింది అన్నవాటిని వేర్వేరుగా లెక్కగట్టి అక్కడి విశిష్ట దిగుబడి సుమారు 1.4 శాతమని తేల్చారు. 2006లో ఆ పద్ధతి వివరంగా ప్రచురితమైంది. భారతీయ, ఫ్రెంచి డాక్టరేట్ విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు అదే క్షేత్రంలో పనిచేశారు. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకున్నారు. మహేశ్వరం ఫలితం వెనక తెలివైన సమీకరణం ఎంత ఉందో, ఆగకుండా సాగిన నిధులు కూడా అంత ఉన్నాయి.

అయితే మహేశ్వరం సంఖ్యను తెచ్చి అనంతపురం అంతటికీ వేయలేం. కళ్యాణదుర్గం రాయి వేరు, తాడిపత్రి సున్నపురాయి వేరు. ఎక్కడికక్కడ కొలవాలి. కొలిచేవారు దగ్గరలో ఉండాలి. అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. 1946 నాటి ఇంజనీరింగ్ కళాశాల 2008లో జె.ఎన్.టి.యు. అనంతపురంగా విశ్వవిద్యాలయమైంది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. మనుషులు ఉన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన యువ అధ్యాపకులు వర్షమాపకాల మధ్యనే నివసిస్తున్నారని చెప్పవచ్చు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది

కేంద్ర ప్రభుత్వం 2008 చట్టం ద్వారా విజ్ఞాన, ఇంజనీరింగ్ పరిశోధన మండలిని ఏర్పరచింది. దాన్ని సెర్బ్ అని పిలిచేవారు. 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చి సెర్బ్‌ను తనలో కలుపుకుంది. ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్చాలన్నది లక్ష్యం. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలని అనుకున్నారు. ఈ విభజన గుర్తుంచుకోండి. కరువు ప్రాంతపు బావిమట్టాల మీద పరిశ్రమలకు ఎంత ఆసక్తి ఉంటుందన్నది నాకున్న సందేహం.

యువ పరిశోధకులకు సంబంధించి ఈ ఫౌండేషన్ 2024లో ప్రధానమంత్రి తొలిదశ పరిశోధన గ్రాంటును ప్రకటించింది. మూడేళ్లకు 60 లక్షల రూపాయల వరకు ఇస్తారు. సంస్థ నిర్వహణ ఖర్చులు దీనికి అదనం. వయోపరిమితి 42 ఏళ్లు, కొన్ని వర్గాలకు సడలింపు ఉంటుంది. అంతకుముందు సెర్బ్ ఇచ్చిన ప్రారంభ గ్రాంటు రెండేళ్లకు 30 లక్షలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం ప్రత్యేకంగా పెట్టిన సూర్ పథకం మూడేళ్లకు 30 లక్షలు. కొత్తగా చేరిన అధ్యాపకులకు యు.జి.సి. ఇచ్చేది 10 లక్షలు. వీటి నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కనుక, దరఖాస్తు చేసే రోజు నాటి ప్రకటన చదవాలి.

శాశ్వత ఉద్యోగం లేనివారి సంగతి వేరు. డాక్టరేట్ అయ్యాక రెండేళ్ల జాతీయ పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్ ఉంది. శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ ఐదేళ్లు. నా దృష్టిలో నీటి పరిశోధకులకు అన్నిటికంటే అనుకూలమైనది ఇదే. డబ్బు ఎక్కువని కాదు, ఐదు వానాకాలాలు దొరుకుతాయని. కానీ పోటీ తీవ్రం.

నీటికే ప్రత్యేకమైన నిధులూ ఉన్నాయి. శాస్త్ర సాంకేతిక శాఖ 2007లో జల సాంకేతిక కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఫ్లోరైడ్ తొలగింపు వంటి పనులకు ఇది ఉపయోగపడుతుంది. జలశక్తి మంత్రిత్వ శాఖ పరిశోధన పథకాలు, ప్రపంచ బ్యాంకు సహాయంతో 2016లో మొదలైన జాతీయ జలశాస్త్ర ప్రాజెక్టు కింద చేపట్టిన అధ్యయనాలు మరో దారి.

పోలిక కోసం అమెరికా పద్ధతి చూడండి. 1964లో వారు నీటి వనరుల పరిశోధన చట్టం చేశారు. దాని ప్రకారం ప్రతి రాష్ట్రంలోనూ ఒక విశ్వవిద్యాలయంలో నీటి పరిశోధన సంస్థ ఏర్పడింది. ఆ సంస్థకు కేంద్రం నుంచి ఏటా కొంత మూలనిధి వస్తుంది. సంస్థ దాన్ని చిన్న చిన్న గ్రాంట్లుగా తన రాష్ట్రంలోని యువ అధ్యాపకులకు, విద్యార్థులకు పంచుతుంది. మొత్తం పెద్దది కాదు. అయితే ఏది పరిశోధించాలన్న నిర్ణయం ఆ రాష్ట్రపు నీళ్లు తాగేవారి దగ్గర జరుగుతుంది. మన జిల్లా స్థాయి విశ్వవిద్యాలయాలకు ఇటువంటి చిన్న, ఆగని నిధి ఒకటి ఉంటే, మూడేళ్లకోసారి వచ్చే పెద్ద గ్రాంటు కంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

30 లక్షలు ఎలా ఖర్చవుతాయి

30 లక్షలు వింటే పెద్ద మొత్తంగా ఉంటుంది. విడదీసి చూద్దాం. జూనియర్ రిసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత సీనియర్ అయితే 42,000. మూడేళ్లకు 13 లక్షల 92 వేలు. ఇంటి అద్దె భత్యం కలిపితే 15 లక్షలు. సగం అయిపోయింది. ఇది వృథా ఖర్చు కాదు, మొత్తం ప్రాజెక్టులో అసలు పెట్టుబడి ఇదే. పరికరం పాడైతే ఇంకొకటి కొనవచ్చు. రెండేళ్లుగా ప్రతి బావినీ, ప్రతి రైతునూ ఎరిగిన విద్యార్థి వెళ్లిపోతే ఆ జ్ఞానం వెళ్లిపోతుంది.

మిగిలిన 15 లక్షల్లో మట్టాన్ని తనంతట తానే నమోదు చేసే పరికరాలు, వర్షమాపకాలు, నీటి నమూనాల రసాయన పరీక్షలు, జీపు అద్దె. పరిశీలన కోసం కొత్తగా బోర్లు వేయాలంటే ఈ డబ్బు చాలదు. అందుకే యువ పరిశోధకులు తరచూ ఎండిపోయి రైతు వదిలేసిన బోర్లనే వాడుకుంటారు. అది మంచి ఉపాయమే. ఆ రైతు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మరుసటి ఏడు అతను అందులో మోటారు దింపితే మీ కొలతల వరుస తెగిపోతుంది.

ప్రతి విడత తర్వాత వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది చేరితేనే తర్వాతి విడత. మార్చి 31తో లెక్క కట్టాలి. నీటి కొలతల్లో ముఖ్యమైన వేసవి కొలత ఏప్రిల్, మే నెలల్లో ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే పాత విడత లెక్కలు ముగిసి, కొత్త విడత రాక చేతిలో డబ్బు ఉండదు. మే నెల కొలత తప్పిపోతే వానకు ముందు మట్టం ఎంతో తెలియదు. అది తెలియకపోతే వాన తర్వాత ఎంత పెరిగిందో చెప్పలేం. ఒక్క ప్రయాణ ఖర్చు లేక ఒక జల సంవత్సరం మొత్తం పనికిరాకుండా పోవడం నేను చూశాను.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: జల సంవత్సరం జూన్‌లో ఎందుకు మొదలవుతుంది? ఏప్రిల్, మే నెలల కొలత తప్పితే పై గ్రామం లెక్కలో ఏ సంఖ్య దొరకకుండా పోతుంది?

కళ్యాణదుర్గం చెప్పిన చేదు నిజం

మన ప్రాంతంలోనే జరిగిన ఒక అధ్యయనం తప్పక తెలుసుకోవాలి. బ్రిటిష్ ప్రభుత్వ అభివృద్ధి విభాగం ఆర్థిక సహాయంతో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్టు నడిచింది. దానిలో భాగంగా అనంతపురం జిల్లా కళ్యాణదుర్గంలో, అప్పటి కర్నూలు జిల్లా డోన్‌లో నీటి ఆడిట్ చేసి, 2003లో నివేదిక వెలువరించారు. ఊరికి వచ్చే నీరెంత, పోయే నీరెంత, ఎవరెంత వాడుతున్నారు అన్నది బ్యాంకు పద్దులా చూడటమే నీటి ఆడిట్.

అప్పట్లో వాటర్‌షెడ్ పథకాల కింద వాగులకు అడ్డంగా చెక్‌డ్యాంలు విరివిగా కడుతున్నారు. ఎన్ని కడితే అంత మేలు అన్నది అందరి నమ్మకం. వాగుల్లో వృథాగా పారిపోయే నీరు అందరూ అనుకున్నంత లేదని ఆడిట్ చూపింది. పైన అడ్డుకట్టలు కట్టి, వాటి పక్కన బోర్లు వేసి తోడుకుంటే, కింద ఉన్న పాత చెరువుకు వచ్చే నీరు తగ్గిపోతోంది. అంటే కొత్త నీరు పుట్టలేదు. చెరువు కింది ఆయకట్టుదారుల నీరు పైనున్న బోరు యజమానుల చేతికి మారింది. ఈ మాట చెప్పడం సులభం కాదు. చెక్‌డ్యాం కట్టే పథకానికి డబ్బిచ్చినవారే ఈ పరిశోధనకూ డబ్బిచ్చారు, ఫలితాన్ని ప్రచురించారు కూడా. పరిశోధన గ్రాంటులో అటువంటి స్వేచ్ఛ ఉందా లేదా అన్నది మంజూరు పత్రంలోని ప్రచురణ నిబంధనలో తెలుస్తుంది. యువ పరిశోధకులు సంతకం పెట్టేముందు ఆ పేరా చదవరు. మొత్తం ఎంతో చూస్తారు.

ఆ రోజుల్లోనే నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్దతుతో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే ప్రాజెక్టు ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అందులో అనంతపురం ఒకటి. రైతులే, స్త్రీలూ పురుషులూ, వాన కొలిచి, బావుల మట్టం చూసి గోడ మీద రాసేవారు. రబీకి ముందు కూర్చుని ఉన్న నీటికి తగ్గ పంటలు లెక్కవేసుకునేవారు. పరిశోధకుల దృష్టిలో ఇది అమూల్యమైన సమాచారం. ఏ విశ్వవిద్యాలయమూ తన డబ్బుతో అన్ని ఊళ్లలో అంత తరచుగా కొలవలేదు. ప్రాజెక్టుకు గడువుంటుంది, బావికి ఉండదు. గడువు తర్వాత రాసే చెయ్యి ఎవరిదన్నది మొదటి రోజే తేల్చుకోవాలి.

ఎందుకు ఇంత పట్టుదల అంటారా? 2012లో హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరాయి. చుట్టుపక్కల బావుల మీద దాని ప్రభావం ఎంత అని అడిగితే, కాలువకు ముందరి పదేళ్ల కొలతలు కావాలి. అవి ఉన్న ఊళ్లలో జవాబు చెప్పగలం. లేని ఊళ్లలో ఇప్పుడు కోటి రూపాయలిచ్చినా ఆ గతాన్ని కొలవలేం.

ప్రతిపాదన రాసేటప్పుడు

నేను పదవీ విరమణ చేసేలోగా చాలా ప్రతిపాదనలు చదివాను, కొన్నిటిని తిరస్కరించాను. ఎక్కువ తిరస్కరణలకు కారణం విజ్ఞానం తక్కువ కావడం కాదు. అనంతపురం కరువు గురించి నాలుగు పేజీలు, తాము చేయబోయే పని గురించి అర పేజీ రాయడం. కరువు ఉందని పరిశీలకులకు తెలుసు. ఏ ఊళ్లో, ఏ బావిలో, ఏ నెలలో ఏం కొలుస్తారో రాయండి.

రెండో ఏడు వాన పడకపోతే ఏం చేస్తారో కూడా రాయండి. కరువు ఏడాదిలో మట్టం దిగుడును కొలిచి తోడిన నీటి లెక్క కట్టవచ్చు. మహేశ్వరంలో వేసవి కొలతలు చేసిన పని అదే. ఇలా రాస్తే కరువు మీ ప్రాజెక్టుకు అడ్డంకి కాదు, అందులో ఒక భాగమవుతుంది.

పాత సమాచారాన్ని వాడుకోండి. కేంద్ర భూగర్భ జల మండలి ఏడాదికి నాలుగుసార్లు బావుల మట్టాలు కొలుస్తుంది. రాష్ట్ర భూగర్భ జల శాఖకు వెయ్యికి పైగా పీజోమీటర్లు ఉన్నాయి. ఇండియా–వ్రిస్ పోర్టల్‌లో చాలా సమాచారం ఉచితంగా దొరుకుతుంది. ఇరవై ఏళ్ల పాత వరుసకు మీ మూడేళ్లు జోడిస్తే అది ఇరవై మూడేళ్ల అధ్యయనం అవుతుంది. వేసవి ప్రయాణ ఖర్చును మొదటి విడతలోనే చూపండి. డబ్బు ఆలస్యమైతే ప్రారంభ తేదీని జూన్‌కు మార్చమని లేఖ రాయడానికి వెనకాడకండి. నేను ఆ లేఖ రాయలేదు. అడిగితే గ్రాంటు పోతుందేమోనని భయపడ్డాను. తర్వాత నా విద్యార్థి ఒకరు రాశారు, తేదీ మార్చారు.

అభ్యాసం

మీకు తెలిసిన ఒక ఊరు తీసుకోండి. రెండేళ్లకు 10 లక్షల రూపాయల గ్రాంటు వచ్చిందనుకోండి. ఆ డబ్బుతో పూర్తికాలపు ఫెలోను పెట్టుకుంటే ఎంత మిగులుతుందో ముందు లెక్కవేయండి. తర్వాత ఫెలో బదులు ఊళ్లోనే ఉన్న ఇంటర్ చదివిన ఒక అమ్మాయికో అబ్బాయికో నెలనెలా గౌరవ వేతనమిచ్చి కొలతలు తీయిస్తే ఏం లాభం, ఏం నష్టమో ఒక పేజీలో రాయండి. డబ్బు సెప్టెంబర్‌లో చేతికి వచ్చిందనుకుని నెలవారీ పట్టిక తయారుచేయండి. అందులో ఎన్ని మే నెలలు పడ్డాయో గమనించి, సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు ఆ పట్టిక వెంట తెచ్చుకోండి.